ఏడు ఎర్ర దారాలు

మే 4, శనివారం

నేర పరిశోధనలో పట్టా పుచ్చుకున్న టెరిల్ అటకాయ్ అనే నేను, ఈ రోజు పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం రెండు దాకా గొర్రె పేడ ఏరాను. చరిత్రలో నమోదు కావాలి కనక రాస్తున్నాను. ఈ పుస్తకం పోలీసు ఉద్యోగం వచ్చాక కేసులు రాసుకోవడానికని కొన్నది. ఉద్యోగం రాలేదు. పుస్తకం వచ్చింది.

కేసు: అమ్మమ్మ మగ్గం మీద సగం నేసిన రగ్గు ఉంది. నలుపు నడుస్తుండగా ఆగింది. ఆ నలుపు అద్దకం రంగు కాదు, నాలుగు కొమ్ముల ముసలి గొర్రెది. గొర్రె జనవరి మంచులో పోయింది. నిరుడు కత్తిరించిన దాని ఆఖరి బొచ్చు ఒక గోనెసంచిలో మిగిలింది. అమ్మమ్మ కళ్ళకు పొర కమ్మింది. వేళ్ళతో తడుముకుంటూ వడకగలదు, నేయగలదు. పల్లేరు ముళ్ళు ఏరలేదు, వాచిన మణికట్లతో ఉన్ని ఏకలేదు. "సగంలో ఆపిన నేతలో నేసేదాని బుర్ర కూడా ఇరుక్కుపోతుందిరా. నన్ను బయటికి లాగు" అంది. ఉన్నది ఆ ఒక్క సంచి. అందులోంచి పిడికెడు పోయినా మళ్ళీ రాదు.

ఉన్ని క్లాసు మా చాప్టర్ హాల్లోనే, అంటే మా తెగ ఊరిసభ హాల్లోనే ఉంది, పది నిమిషాల దూరం. అమ్మమ్మ నన్ను నలభై మైళ్ళ అవతల, మెట్టకు ఆ పక్కనున్న హాలుకి పంపింది.

"అక్కడ బాగా నేర్పుతారు."

"ఎవరు చెప్పారు?"

"గాలి చెప్పింది."

సాక్షి పేరు: గాలి. రాసుకున్నాను.

అక్కడ టీచరు ఇర్మా టొహానీ. అమ్మ వయసుంటుంది, గొంతు మాత్రం మంద తోలే కుక్కది. అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి నాలుగేసి గోత్రాలు చెప్పమంది, మాలో ఎవరికి ఎవరు ఏమవుతారో తెలిసేది వాటితోనే. నేను ఎల్వుడ్ అనే రిటైరైన లారీ డ్రైవరు పక్కన కూర్చున్నాను. ఆయన ఉన్ని కోసం రాలేదు, కాఫీ కోసం వచ్చాడు. ఆయన చెవిలో గొర్రెల మీద ఒక ఘనమైన జోకు చెబుతుండగా నా వంతు వచ్చేసింది. లేచి నిలబడి గంభీరంగా చెప్పాను. "తల్లివైపు సిగ్నల్ లేనివాళ్ళం. తండ్రివైపు డిగ్రీ ఉండి పనిలేనివాళ్ళం. అమ్మ వాళ్ళ నాన్న వైపు కారు స్టార్టవని వాళ్ళం. నాన్న వాళ్ళ నాన్న వైపు ఇంకా నిద్రలేవని వాళ్ళం."

హాలు హాలంతా నవ్వింది. ఒక్క ముసలావిడ తప్ప. పేరు గ్లెనబా అట. మోకాళ్ళకు ఉన్ని పట్టీలు, ఒళ్ళో పిండి సంచి. నా గోనెసంచి విప్పగానే మోచేతి దాకా చెయ్యి పెట్టేసింది. అడగలేదు.

"ఈ గొర్రె బతికుందా?"

"లేదవ్వా. చలికాలంలో పోయింది."

చెయ్యి తీసి లంగాకు తుడుచుకుంది.

పరాయి సంచిలో చెయ్యి పెట్టే మనిషి. రాసుకున్నాను.

మే 11

నేరం జరిగింది.

గుమ్మం దగ్గరి దాణా త్రాసు మీద నా సంచి పోయిన వారం ఏడు పౌండ్లు తూగింది. ఇవాళ దులిపి, ఏరి, పొట్ట కింది బొచ్చు తీసిపారేసి, సబ్బులా నురగొచ్చే యుక్కా వేరుతో ఉతికి, ఎండలో జూనిపర్ కొమ్మల మీద ఆరేసి మళ్ళీ తూచాను. నాలుగు! మూడు పౌండ్ల అమ్మమ్మ నలుపు పట్టపగలు మాయం.

ఇర్మాకి ఫిర్యాదు చేశాను.

"పోయింది ఇసుకరా, జిడ్డు, పేడ. కావాలంటే ఆ బకెట్లో మురికినీళ్ళు పట్టుకుపో. మీ అమ్మమ్మకి మూడు పౌండ్లూ అప్పజెప్పు."

ఎల్వుడ్ అందుకున్నాడు. "పోలీసుకి స్నానం చేయించినా అంతేనమ్మా, సగం మిగుల్తాడు."

అనుమానితులు: ఒకటి, ఇర్మా. నిందలు నీళ్ళ మీదికి నెడుతోంది. రెండు, ఎల్వుడ్. మరీ సరదాగా ఉన్నాడు. మూడు, గ్లెనబా. ఆరేసిన ఉన్ని పక్కనే కుర్చీ వేసుకుని కాపలా కుక్కలా కూర్చుంది. గాలికి ఎగిరిన పీచు ఏరి మళ్ళీ నా కుప్పలోనే పెట్టింది. నేను చూస్తున్నానని తెలిసే పెట్టింది.

మే 12

ఇసుక మూడు పౌండ్లుంటుందా? ఇంటి గొర్రెని అడిగాను. లాయరు లేకుండా మాట్లాడనంది.

మే 18

ఇవాళ ఏకడం. రెండు ముళ్ళ దువ్వెనలు. ఒకదాని మీద ఉన్ని పరిచి రెండోదానితో దువ్వాలి. పీచంతా ఒకవైపుకు తిరిగాక చుట్ట చుట్టి తీస్తే అది ఏకు. వడికేది దాన్నుంచే. ఇర్మా చేస్తుంటే పొగమంచు చుట్ట చుట్టినట్టుంది. నేను ముప్ఫై ఒకటి చేశాను. బల్ల మీద వరసగా పేర్చాను.

ఎల్వుడ్ టోపీ తీసి గుండె మీద పెట్టుకున్నాడు. "ఈ ఎలకలన్నీ ఒకేరోజు చచ్చాయా?"

ఏకినవి ఇంటికి ఇవ్వరు. వారం పాటు హాల్లో మేకుకు వేలాడాలి, ఇర్మా చూసి సరే అన్నాకే తీసుకెళ్ళాలి. ఇది ఇర్మా చట్టం. ఈ చట్టం వల్ల లాభం ఎవరికి? మొదట అడగవలసిన ప్రశ్న అదేనని మా ప్రొఫెసరు చెప్పేవాడు. హాలు తాళం గూట్లో ఉంటుంది. గూడు సంగతి అందరికీ తెలుసు. గ్లెనబా ఇల్లు హాలు వెనకే.

మే 25

సంచి తీసి లెక్కపెట్టాను. ముప్ఫై ఒకటి. లెక్క తప్పలేదు.

కానీ ఎలకలు లేవు. మెత్తగా, సన్నగా, ఒక్క గడ్డ లేకుండా, అన్నీ ఒకే పొడవు. రెండు అవకాశాలు. ఒకటి, ఎవరో అమ్మమ్మ ఉన్ని కాజేసి వేరే నాసిరకం నలుపు పెట్టారు. రెండు, వారం పాటు వేలాడేసరికి పీచు తనంతట తనే సర్దుకుంది. రెండోది సైన్సుకు విరుద్ధమేమీ కాదు.

ఇర్మా చూసి "సరే" అంది. ఎటో చూస్తూ అంది.

సాయంత్రం అమ్మమ్మ ఒక ఏకు తీసుకుని చాలాసేపు పట్టుకుంది. వాసన చూసింది. చెంపకు ఆనించుకుంది. చివరన బొటనవేలితో తడిమింది.

"ఎవరు ఏకారు?"

"నేనే."

"నువ్వే?"

"ఇంకెవరున్నారు?"

"చివర మడత బాగా పెట్టావు."

చివర మడత ఉంటుందని నాకు తెలీదు. తర్వాత చూశాను. ఉంది. ముప్ఫై ఒకటికీ ఉంది. కొస లోపలికి తోసి, కాగితం పొట్లం మూసినట్టు.

అమ్మమ్మ కదురు తొడ మీద దొర్లిస్తూ వడికింది. దారం ఒక్కసారి కూడా తెగలేదు. ఏదో కూనిరాగం తీసింది. రాత్రికి మటన్ ముక్కలు నాకే ఎక్కువ వేసింది. వద్దనలేదు.

మే 26

అమ్మకు ఫోన్ చేశాను. ఫీనిక్స్‌లో డ్యూటీ దిగి బస్సులో ఉంది. ఉన్ని దొంగల సంగతి చెప్పాను. నవ్వింది. ఆ హాలు ఎక్కడుందో చెప్పగానే నవ్వు ఆపేసింది.

"అక్కడికి నిన్ను అమ్మే పంపిందా?"

"ఆ. ఏం?"

"ఏం లేదు. ఆ పక్కనే ఉండేది మా..." అని ఆగింది. "నా స్టాప్ వచ్చింది" అంది.

అమ్మమ్మకు ఒక చెల్లెలుందని తెలుసు. మంద పంచుకునే రోజున ఈ నల్లగొర్రెల దగ్గరే మాట పెరిగిందట, నేను పుట్టకముందు. ఆవిడ పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తరు, నాకైతే తెలీదు కూడా. అది వేరే ఫైలు. ప్రస్తుత కేసుకు సంబంధం లేదు.

జూన్ 1

వల పన్నాను. అమ్మమ్మ పెట్టెలోంచి ఎర్ర నూలు తెచ్చి, గోరంత ముక్కలు ఏడు కత్తిరించి, ఇవాళ చేసిన ఏకుల్లో ఏడింటి మధ్యలో దాచాను. బయటికి కనపడవు. వచ్చే వారం విప్పి చూస్తాను. ఎర్ర దారం లేకపోతే ఉన్ని మార్చినట్టే. కోర్టులో నిలబడే సాక్ష్యం.

నేను దాస్తుంటే గ్లెనబా ఎదురుగా కూర్చుని ఏకుతోంది. తలెత్తకుండా అడిగింది.

"మీ అమ్మమ్మ వడుకుతోందా? చేతులు ఆడుతున్నాయా?"

ఆడుతున్నాయన్నాను. ఇంటికొస్తూ సగం దారిలో బ్రేకు వేశాను. అమ్మమ్మ చేతులు సరిగా ఆడవని ఆవిడకి ఎవరు చెప్పారు?

జూన్ 8

ఎలా రాయాలో తెలీడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఏడింటికే వెళ్ళి హాలు కిటికీ దగ్గర నిలబడ్డాను. లోపల గ్లెనబా. నా మేకు మీంచి నా సంచి దించింది. ఏకులు గుప్పెళ్ళతో తీసి తన పిండి సంచిలో వేసుకుంది. పరిగెత్తి పట్టుకోలేదు. సాక్షులు కావాలి కదా. పట్టభద్రుణ్ణి.

తొమ్మిదింటికి అందరూ చేరాక లేచాను. ఉపన్యాసం సిద్ధం చేసుకునే వచ్చాను. "ఈ గదిలో ఒక దొంగ ఉన్నారు" అని మొదలుపెట్టాను. ఎల్వుడ్ "కాఫీలో చక్కెర తీసింది నేనే" అన్నాడు. ఎవరూ నవ్వలేదు, నేను వేలెత్తాను కనక. మావాళ్ళు మర్యాదగా చూపినట్టు మూతితో చూపలేదు. వేలితో, ఆవిడ మొహానికి ఎదురుగా.

"చచ్చిపోయిన గొర్రె ఉన్ని. మా అమ్మమ్మకు ఇంకోటి లేదు. అది దొంగిలించడానికి మీకు చేతులెలా వచ్చాయి?"

గ్లెనబా నన్ను చూసింది. కోపం లేదు. వాతావరణం చూసినట్టు చూసింది. పిండి సంచి బల్ల మీద బోర్లించింది. నా ఎలకలు పడ్డాయి. గడ్డలూ ముళ్ళూ అలాగే ఉన్నాయి. పక్కనే ఒక దొంతర, ఆవిడ అప్పుడే విప్పి మళ్ళీ ఏకినవి. కొసలు మడిచి.

తర్వాత కాఫీ కప్పు బోర్లించింది. గోరంత ఎర్ర దారాలు. ఏడు. ఒక్కొక్కటే వేలితో విడదీసి వరసగా పెట్టింది.

"ఇవి నీవా? చెత్త పడిందేమో అనుకుని ఏరాను" అంది.

మోకాళ్ళు పట్టుకుని లేచింది. సంచి మడిచి చంకలో పెట్టుకుంది. తలుపు దాకా నడవడానికి ఆవిడకి చాలాసేపు పట్టింది.

ఇర్మా గొంతు ఇవాళ కుక్క గొంతు కాదు.

"మొదటిరోజు ఆవిడ తన నాలుగు గోత్రాలూ చెప్పింది. నీటి ఒడ్డు వాళ్ళమని చెప్పింది, ఫలానా దాని చెల్లెల్నని కూడా చెప్పింది. నువ్వు ఎల్వుడ్ చెవిలో గొర్రె జోకు చెప్తున్నావు. నీ వంతు వచ్చినప్పుడు ఇంకో జోకు చెప్పావు. మీ అమ్మమ్మ చెల్లెలంటే నీకేమవుతుందిరా? చదువుకున్నావు కదా, చెప్పు."

బల్ల మీది ఎర్ర దారాలు లెక్కపెట్టాను. ఏడు.

"నువ్వు చేసినవి వడికితే దారం పాము కోడిపెట్టను మింగినట్టు వస్తుంది, పుటుక్కున తెగుతుంది. అక్క చేతిలో తెగకూడదని శనివారం శనివారం పొద్దున్నే వచ్చి విప్పి ఏకింది. నువ్వు పాడుచేసింది పోను తక్కువపడితే తన దగ్గరి పిల్ల నల్లగొర్రె ఉన్ని కలిపింది. ఆ వంశందే. నీకు చెప్పొద్దంది. నేనూ చెప్పలేదు, అది నా తప్పు."

ఎల్వుడ్ నా కప్పులో కాఫీ పోశాడు. తాగలేదు.

జూన్ 9

రాయడానికేమీ లేదు.

జూన్ 10

సాంకేతికంగా చూస్తే, అనుమతి లేకుండా పరాయి సంచి తెరవడం...

జూన్ 11

సాంకేతికంగా నేను గాడిదని.

జూన్ 15

గ్లెనబా రాలేదు. ఆవిడ మేకు ఖాళీగా ఉంది. అందరూ ఆ మేకు కింద నుంచి కాకుండా చుట్టూ తిరిగి వెళ్తున్నారు. నేను వంచిన తల ఎత్తకుండా ఏకాను. ఒక్క జోకు వెయ్యలేదు. ఎల్వుడ్ జ్వరమేమోనని నుదురు ముట్టి చూశాడు.

ఇంటికొచ్చాక అమ్మమ్మ వడికింది. తెగింది. అతికింది. తెగింది. మూడోసారి తెగాక కదురు పక్కన పెట్టింది.

"ఇవాళ నీ చేతికేమైంది?"

"జలుబు."

"చేతికా?"

"అక్కణ్ణుంచే మొదలైంది."

నవ్వలేదు. మగ్గం దగ్గరికి తడుముకుంటూ వెళ్ళి, నలుపు ఆగిన చోట జానపెట్టి కొలిచింది. "ఇంకా జానెడు నలుపు కావాలి" అంది. సంచిలో ఉన్నది తడిమి చూసింది. అరజానెడుకు కూడా రాదు. నావైపు తిరిగింది కానీ కళ్ళు నా చెవి పక్కన ఎక్కడో ఆగాయి. ఆ కళ్ళకు నేనిప్పుడు అక్కడున్నాను.

జూన్ 17, సోమవారం

వెళ్ళాను. గ్లెనబా ఇంటి ముందు పికప్ ట్రక్కు ఆపి, దిగకుండా కూర్చున్నాను. లోపలివాళ్ళు చూసి బయటికొచ్చేదాకా కూర్చోవడమే మర్యాద. ఆవిడ చూసింది, పరదా కదిలింది. రాలేదు. గంటా ఇరవై నిమిషాలు. కుక్క వచ్చి ముందు టైరు మీద కాలెత్తి వెళ్ళింది. వెనక టైరుకు మళ్ళీ వచ్చింది. అనుభవించాను.

చివరికి తలుపు తెరుచుకుంది. గడప మీద నిలబడే అడిగింది.

"ఎవరు నువ్వు?"

దిగి, టోపీ తీసి చెప్పాను. తల్లివైపు నీటి ఒడ్డు వాళ్ళం. తండ్రివైపు ఉప్పు వాళ్ళం. అమ్మ వాళ్ళ నాన్న చేదునీళ్ళ వాళ్ళు. నాన్న వాళ్ళ నాన్న చుట్టూ తిరిగేవాళ్ళు. గొంతు రెండు చోట్ల తెగింది. నా ఏకుల దారంలాగే.

"మరి సిగ్నల్ లేనివాళ్ళు?"

"వలసపోయారు."

"కారు స్టార్టవని వాళ్ళో?"

"ఇంకా ఇక్కడే ఉన్నారమ్మమ్మా. వెళ్ళేటప్పుడు తొయ్యాలి."

అమ్మమ్మా అన్నాను. అవ్వా అనలేదు. ఆవిడ మూతి ఒక పక్కకు తిరిగింది. నవ్వో, పన్నునొప్పో చెప్పలేను. ఆ మూతితోనే లోపలికి దారి చూపింది.

లోపల క్షమాపణ చెప్పబోయాను. అది కూడా సిద్ధం చేసుకునే వెళ్ళాను.

"నోటితో వద్దు. నోటితో నువ్వు చాలా చేస్తావు" అని నల్ల ఉన్ని ఒళ్ళో పడేసింది, దువ్వెనలు చేతిలో పెట్టింది. పిల్ల నల్లగొర్రెది, మొదటి కత్తిరింపు. "ఏకు."

ఏకాను. చూసి విప్పేసింది. మళ్ళీ ఏకాను. విప్పేసింది. "గొడ్డలి పట్టుకున్నట్టు పట్టుకోకురా. అది గొర్రె మీద కోపం తీర్చుకోవడం కాదు." పదకొండు సార్లు విప్పింది. పన్నెండోది విప్పలేదు. కొస నా వేళ్ళతోనే లోపలికి తోయించింది.

"మా అమ్మ ఇట్లాగే మడిచేది. అక్కా నేనూ తప్ప ఎవరూ మడవరు" అంది. తర్వాత కిటికీ వైపు తిరిగి, "ఇప్పుడు నువ్వు."

సాయంత్రానికి పద్దెనిమిది అయ్యాయి. సంచిలో పెడుతూ చెప్పింది. "దానికేమీ చెప్పకు. నా దగ్గరికొచ్చావని కూడా."

చెప్పనన్నాను. కారు తోసింది ఆవిడ ఇంటి పక్కవాళ్ళు. ఆవిడ గడప మీంచి "ఇంకా గట్టిగా" అని అరిచింది.

జూన్ 18

అమ్మమ్మ ముందు పద్దెనిమిదీ పెట్టాను. ఒకటి తీసింది. పొడుగునా తడిమింది, మధ్యలో కొంచెం లావుగా ఉన్నచోట ఆగింది. కొస దాకా వెళ్ళి మడత మీద బొటనవేలు ఉంచింది.

"ఇవి నువ్వు చేసినవి" అంది.

"అన్నీ నేనే చేశాను కదా."

"అవునవును."

కదురు దొర్లింది. దారం ఒకచోట ఉబ్బింది, తెగలేదు. అమ్మమ్మ చాలాసేపు వడికింది. నేను గుట్టు దాచిన మొహం పెట్టుకుని కూర్చున్నాను. ఆ మొహం ఆవిడకి కనపడదన్న సంగతి మర్చిపోయి.

"దాని మోకాళ్ళు ఎట్లా ఉన్నాయి?" అంది.

జూన్ 22, శనివారం

క్లాసుకి అమ్మమ్మ కూడా వస్తానంది. ఏడేళ్ళుగా పెట్టెలోంచి తీయని వెండి పిన్ను తీసి రవికకు పెట్టుకుంది. ఒళ్ళో వడికిన నలుపు ఉండ, కొంచెం ఉన్ని. మెట్ట దిగాక హాలు దగ్గర ఆపబోతే "ముందుకు" అంది. ఎంత ముందుకో చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఇంటి ముందు ఆపాను. పరదా కదిలింది. కూర్చున్నాం. కుక్క వచ్చి టైర్లు తనిఖీ చేసి వెళ్ళింది.

"దిగి వెళ్ళి పిలవనా అమ్మమ్మా?"

"వస్తే వస్తుంది. నీకేం తొందర, ఉద్యోగమా సద్యోగమా?"

పది నిమిషాలు. పాతికేళ్ళ తగాదాకు పది నిమిషాలు ఎక్కువేం కాదు, నాకే గంటా ఇరవై పట్టింది. తలుపు తెరుచుకుంది. గ్లెనబా అమ్మమ్మ ఒక పళ్ళెం పట్టుకుని మెల్లగా, మోకాలు తర్వాత మోకాలు, పికప్ దాకా వచ్చింది. పళ్ళెంలో మూడు కప్పులు. మూడింట్లోనూ కాఫీ. పొగలు కక్కుతోంది.

మూడు. ఇవాళ మేం వస్తామని ఈవిడకి ఎవరు చెప్పారు? నేను చెప్పలేదు. మాట మీద నిలబడ్డాను.

పక్క సీటు వైపు చూశాను. అమ్మమ్మ కిటికీ అద్దం దించుతూ, కనపడని కొండల్ని శ్రద్ధగా చూస్తోంది.

"గాలి" అంది, నేనడక్కుండానే.